మాయా పిరమిడ్లు: సమాధి ముందా, గుడి ముందా?

ప్రశ్న (మైలాపూరు, చెన్నై)

పిరమిడ్ అనగానే ఈజిప్టు రాజుల సమాధులే మనకు గుర్తుకొస్తాయి. మెక్సికో, మధ్య అమెరికాల్లో పూర్వం మాయా జాతివారు కట్టిన పిరమిడ్లకు మాత్రం బయట మెట్లు, శిఖరాన గుడి కనిపిస్తాయి. అయినా మెక్సికోలోని పాలెంకేలో పిరమిడ్ లోపల రాజు సమాధి దొరికిందని చదివాను. గుడి కట్టాక రాజును అందులోకి దించారా, లేక సమాధి మీదనే గుడి లేచిందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (అన్నానగర్)

పాలెంకే వరకు సమాధే ముందు. అక్కడి పిరమిడ్ శిఖరానున్న శాసనాల ఆలయంలో నేలపై పరచిన ఒక పలకకు రంధ్రాలుండటం గమనించిన పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ దాన్ని లేపించగా, రాళ్ళూ మట్టీ కూరి పూడ్చేసిన మెట్లదారి బయటపడింది. ఆ పూడికను తీయడానికే కొన్నేళ్ళు పట్టి, 1952లో గానీ అడుగునున్న గది తెరుచుకోలేదు. అందులో 615 నుంచి 683 వరకు, అంటే పన్నెండో ఏట మొదలుపెట్టి మరణించేదాకా పాలించిన పకాల్ రాజు, ముఖాన జేడ్ రాతి ముసుగుతో ఉన్నాడు. శవపేటిక మూత ఒక్కటే దాదాపు 3.8 మీటర్ల పొడవు. ఆ ఇరుకు మెట్ల మీదుగా అంత బండను దించడం అసాధ్యం కనుక, పేటికను ముందుగా నిలిపి, గదినీ పిరమిడ్‌నూ దాని చుట్టూ కట్టారన్నమాట.

జవాబు 2 (వేళచ్చేరి)

పై జవాబు సరైనదే గానీ, దాన్ని అన్ని పిరమిడ్లకూ వర్తింపజేయకూడదు. మెక్సికోలోనే ఉన్న చిచెన్ ఇట్జాలోని పెద్ద పిరమిడ్ లోపల మరో పాత పిరమిడ్, అందులో జాగ్వార్ ఆకారపు ఆసనం దొరికాయే తప్ప రాజు సమాధి దొరకలేదు. హోండూరాస్‌లోని కోపాన్‌లో ఒక రాజు కట్టిన గుడిని పూడ్చి తరువాతి రాజు దానిపై మరొకటి కట్టడం ఆనవాయితీ కావడంతో, పరిశోధకులు సొరంగాలు తవ్వుకుంటూ అడుగు పొరల్లోని సమాధులను చేరుకున్నారు. పాలెంకేలోనే శాసనాల ఆలయం పక్క గుడిలో 1994లో ఒక రాణి సమాధి బయటపడింది; ఒళ్ళంతా ఇంగిలీకం అనే ఎర్రటి పొడి పూసి ఉండటంతో ఆమెను ‘ఎర్ర రాణి’ అంటున్నారు.

జవాబు 3 (తిరువాన్మియూరు)

సమాధి మీద గుడి కట్టడం మనకు మరీ వింత కాదు. శ్రీకాళహస్తి దగ్గరి తొండమనాడులో చోళరాజు మొదటి ఆదిత్యుడి అస్థికల మీద స్మారకంగా అతని కొడుకు పరాంతకుడు శివాలయం కట్టించాడు. తమిళంలో అలాంటి గుడిని ‘పళ్ళిపడై’ అంటారు.

జవాబు 1 రాసినవారు మళ్ళీ

పోలిక బాగుందండీ, కానీ ఒక తేడా ఉంది. తొండమనాడులో పూజ శివుడికి. పాలెంకేలోనో, పేటిక దగ్గర మొదలైన సన్నని రాతి గొట్టం మెట్ల వెంబడి పైనున్న గుడి నేలదాకా సాగింది. దారి పూడ్చేశాక కూడా పకాల్‌తో సంబంధం తెగకుండా దాన్ని అమర్చారని రూస్ భావించారు.