అలైనా రీడ్ పాత పాటల కోసం సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మా పాపకు వినికిడి లోపం ఉంది. తనకు చూపిద్దామని వెతుకుతుంటే అమెరికా పిల్లల కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' పాత దృశ్యం ఒకటి దొరికింది. అందులో ఒలీవియా అనే పాత్ర పాడుతుంటే, పక్కనే లిండా అనే పాత్ర అదే పాటను సైగల భాషలో చేతులతో చెబుతుంది. అది చూసి మా పాప కూడా వేళ్లు కదపడం మొదలుపెట్టింది. నేనేమో ఆ గొంతు దగ్గరే ఆగిపోయాను.

ఒలీవియాగా నటించినది అలైనా రీడ్. అంతకుముందు ఆమె క్యాబరే గాయని, అంటే రాత్రి క్లబ్బుల్లో పాడేవారు. 1976లో ఈ కార్యక్రమంలోకి వచ్చి, 1988 దాకా ఫొటోగ్రాఫర్ ఒలీవియాగా కనిపించారు. మధ్యలో, 1978లో, న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో 'యూబీ!' సంగీత ప్రదర్శనలోనూ పాడారు. రాత్రి క్లబ్బుల్లో పెద్దలకు పాడిన గొంతు కదా, పిల్లల కోసమని ఎక్కడా పలచబడదు, ముద్దుమాటల్లోకి దిగదు. నాకు అదే ఎంతో నచ్చింది. 2009లో ఆమె రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆమె క్యాబరే రోజుల రికార్డింగులు గానీ, అప్పటి పత్రికా సమీక్షలు గానీ మీలో ఎవరికైనా కనిపించాయా? న్యూయార్క్‌లో ఉన్నవారు లింకన్ సెంటర్ దగ్గరి ప్రదర్శన కళల గ్రంథాలయానికి వెళ్లి ఉంటే, అక్కడ పాత రికార్డింగుల కోసం ఎలా అడగాలో దయచేసి చెప్పండి.