సమస్య: "మూతికుప్పు పూసి ముద్దులాడె"

నిర్వాహకుడు:
మార్గరీటా (అంచుకు ఉప్పద్దిన గ్లాసులో తాగే కాక్‌టెయిల్) కలుపుతుంటే నాలుక మీదికొచ్చిన పాదం. నాకు నవ్వొచ్చింది, మీకూ రావాలి.

మూతికుప్పు పూసి ముద్దులాడె

ఇదే ఆఖరి పాదంగా ఆటవెలది పద్యం పూరించండి. షరతు ఒక్కటే. గ్లాసు అంచుకు ఉప్పద్దే చెక్క రిమ్మరు పూరణలో కనబడాలి. ఆ మాట ఇమడకపోతే చెక్క అన్నా చాలు. స్పాంజి పెట్టిన మూడంతస్తుల ప్లాస్టిక్ డబ్బాలకు ఈ వారం సెలవు. కిందటి సమస్య తాలూకు ఐసుగడ్డ గొడవను ఇక్కడికి మోసుకురావద్దని మనవి.

ద్రాక్షాపాకం:
నిమ్మముక్క తోడ నెమ్మిగా గ్లాసుకు
చుట్టు తడిపి చెక్క చట్టమందు
బోరగించి యద్ది పొంగుచు రసికుండు
మూతికుప్పు పూసి ముద్దులాడె

రెండో పాదం చివర చూడండి. అంతకంటే చెప్పను.

కదళీపాకం:
అబ్బ! చట్టమందు! చట్రంలో అనుకున్నవాడికి చట్రం, మందు అనుకున్నవాడికి మందు. ఇంకెవరూ రాయక్కర్లేదండీ, తాళం వేసెయ్యొచ్చు.

నారికేళపాకం:
తాళం అప్పుడే వెయ్యకండి. మందు దొరికింది, మరి గ్లాసు సంగతి? "చుట్టు తడిపి" అంటే లోపలంచూ తడిసిందనేగా? లోపల అంటిన ఉప్పు మొదటి గుక్కకే పానీయంలోకి జారుతుంది, ఆపైన తాగేది ఉప్పునీళ్ళే. నిమ్మముక్కను బయటి వైపే నడపాలి. గ్లాసును పళ్ళెంలో నిటారుగా నొక్కకుండా ఏటవాలుగా పట్టుకుని, బయటి అంచును ఉప్పు మీద దొర్లించాలి. మీ రసికుడు ఏకంగా బోరగించేశాడు. పద్యం రుచిగానే ఉంది, పానీయం మాత్రం ఉప్పుకషాయం.

ద్రాక్షాపాకం:
నారికేళపాకం గారు మెచ్చుకుంటే నాకు భయం, తిడితే ధైర్యం. "చుట్టు" అన్నది చుట్టూరా అన్న అర్థంలోనే, లోపలా బయటా అని కాదు. అయినా మీ పూరణ ఏదండీ? ఇంకా పీచు వలుస్తున్నారా?

నారికేళపాకం:
వలిచాను, పట్టండి.

నూనె లేని చెక్క నోరార నీరాను
నుప్పు పలుకు లెల్ల నొక్క ముద్ద
తెలియనట్టి మగడు తీరిక లేక
మూతికుప్పు పూసి ముద్దులాడె

పూత లేని చెక్క తడిని పీల్చుకుంటుంది. ఉప్పుకీ అదే బుద్ధి, గాలిలో తేమను లాక్కుంటుంది. రెంటినీ రాత్రంతా ఒకచోట వదిలేస్తే పొద్దునకి రాయి. మా మగడికి దాన్ని పొడి చేసుకునే ఓపిక లేదు. వేలితో గీకి గ్లాసు మూతికి పూసి, అలాగే తాగేశాడు.

యతిమైత్రి:
"నోరార నీరాను" దగ్గర ఒక్క క్షణం ఆగి నమస్కారం పెట్టాను. ఉ, ఒ యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నిర్ణీత అక్షరానికీ పొందిక) కూడా శుభ్రంగా ఉంది. తరవాత మూడో పాదం చదివాను. "తీరిక" దాకా బాగానే నడిచింది, ఆఖర్న "లేక". ఇంద్రగణం ఉండాల్సిన చోట సూర్యగణం. ఇంద్రుడి గద్దె మీద సూర్యుడు కూర్చున్నాడు, సభ ఎలా నడుస్తుంది? "తీరిక లేకుండ" అంటే సరిపోయేది. మీ మగడి తొందర మీకూ అంటుకున్నట్టుంది.

ద్రాక్షాపాకం:
నారికేళంలో నీళ్ళుంటాయని తెలుసు గానీ గణాల దగ్గరే ఎండిపోతుందని ఇవాళే తెలిసింది. "నోరార నీరాను" మాత్రం నిజంగా ఈర్ష్యపడేలా ఉంది. ఈ మాట మళ్ళీ నా చేత అనిపించకండి.

నారికేళపాకం:
లేకుండ, ఒప్పుకున్నాను, సవరిస్తాను. ఒక మాత్ర జారితే పద్యం కుంటుతుంది, విషయం జారితే పద్యమే ఉండదు. "ఐసుగడ్డ కాలి యావిరాయె"కి డ్రై ఐసు తెచ్చి పూరించింది ఎవరండీ? డ్రై ఐసు కాలదు, కరగదు కూడా, గడ్డ నుంచి నేరుగా వాయువైపోతుంది. ఆ చలి సుమారు మైనస్ 78 డిగ్రీలు. ముట్టుకుంటే కాలేవి మన వేళ్ళు!

ద్రాక్షాపాకం:
వేళ్ళే కాలాయనుకోండి, సమస్యలో ఎవరి వేళ్ళో చెప్పలేదుగా!

నిర్వాహకుడు:
మోసుకురావద్దన్నానా? అన్నాను. చెక్క దగ్గరికి రండి.

కదళీపాకం:
నాకు రిమ్మరే లేదండీ, కొనాలి. పద్యం తరవాత రాస్తాను గానీ ఏది మంచిదో చెబుదురూ. ఒక పళ్ళెంలాంటిది చూశాను, ఇరుసు మీద తిరిగే మూతతో రెండరలున్నది ఇంకొకటి చూశాను.

యతిమైత్రి:
ముందు స్కేలు తీసి మీ గ్లాసుల్లో అన్నిటికంటే పెద్ద మూతిని కొలవండి. మార్గరీటా గ్లాసు మూతి చాలావాటికి 10 సెంటీమీటర్లు దాటుతుంది. అర అంతకంటే రెండు సెంటీమీటర్లైనా ఎక్కువ లేకపోతే ఏటవాలుగా దొర్లించే చోటుండదు, నిటారుగా గుచ్చాల్సిందే. బోరగించే రసికులకు ఆ బాధ లేదనుకోండి. లోతు సెంటీమీటరున్నా చాలు, ఉప్పు పలచగానే పరుస్తాం.

చెక్కలో మేపుల్ లాంటి బిగువైన గట్టి రకాలు చూడండి. రంధ్రాలు కంటికి కనబడే చెక్కలో ఉప్పు చేరితే తుడిచినా రాదు. వెదురు అని అమ్మేది పేళ్ళను జిగురుతో అతికించింది, నానితే అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. తిరిగే మూతుంటే ఇరుసును చూడండి. అది మామూలు ఇనుమైతే ఉప్పు దాన్ని తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. నన్నడిగితే మూత లేని పళ్ళెమే మేలు, విరిగేది ఏదీ ఉండదు.

నారికేళపాకం:
యతిమైత్రి గారు ఇంత వచనం రాయగా చూడటం ఇదే మొదలు. ఒకటి వదిలేశారు. దాన్ని నీళ్ళలో నానబెట్టకూడదు, డిష్‌వాషర్‌లో వేస్తే వంకరపోతుంది. ఉప్పు దులిపి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేసి, నిలబెట్టి ఆరనివ్వాలి. చెక్క వెలిసినట్టు కనబడితే ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిలు పట్టించాలి. వంటనూనె వద్దు, కొన్నాళ్ళకు ముక్కిన వాసనేస్తుంది. నా మొదటి పాదంలో నూనె ఉత్తినే పడలేదు.

ఇంకో మాట. మెత్తటి టేబుల్ సాల్ట్ వాడకండి, అంచు మీద దట్టంగా అట్టకట్టి నోరు పొక్కిస్తుంది. కోషర్ సాల్ట్ లాంటి పలుకుల ఉప్పైతే విడివిడిగా నిలుస్తుంది. చుట్టూరా కాక సగం అంచుకే అద్దితే తాగేవాళ్ళకు వీలు, ఉప్పు వద్దనుకున్న గుక్కకు గ్లాసు తిప్పుకుంటారు. కొంతమంది కవులకు "చుట్టు" అంటే ఇష్టం, ఏం చేస్తాం.

కదళీపాకం:
రెండరలదే తీసుకుంటాను, ఎందుకంటే పద్యం దాని మీదే వచ్చేసింది.

తీపి యర యటంచు తిమిరంబులో ద్రిప్పి
చెక్క మూత తెఱచి మక్కువగను
చెలిమికాడు పాత్ర చేతికీయగ నామె
మూతికుప్పు పూసి ముద్దులాడె

ద్రాక్షాపాకం:
ఇదీ విరుపంటే! మేమిద్దరం ఉప్పును గ్లాసుకు పూసి ఊరుకున్నాం. ఈయన గ్లాసు మీది ఉప్పును తెచ్చినవాడి మూతికే పూయించాడు. పంచదారనుకుని ఉప్పద్దినవాడికి సరైన శిక్ష. ముద్దు శిక్షో వరమో తేల్చకుండా వదిలెయ్యడం ఇంకా బాగుంది.

యతిమైత్రి:
"మక్కువగను చెలిమికాడు" అని విడిచిపెట్టారు. ద్రుతం (చివరి "ను") మీద పరుషం ("చ") సరళం ("జ") కావద్దా? "జెలిమికాడు" అన్నా "చేతి"తో యతి చెడదు, కష్టమేమీ లేదు. మిగతాదంతా హాయిగా ఉంది, ముఖ్యంగా చీకట్లో మూత తిప్పడం. మూతలున్నవి వద్దన్నది ఇందుకే.

నారికేళపాకం:
పంచదార అంచును చిన్నచూపు చూడకండి. 1850లలో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన బ్రాందీ క్రస్టా అనే కాక్‌టెయిల్‌కు అదే గుర్తు. ఉప్పుకైతే తడి చేసిన వెంటనే అద్దినా నడుస్తుంది గానీ పంచదారద్దిన గ్లాసును ముందే సిద్ధం చేసి ఆరనిస్తే అంచు గట్టిపడి నిలుస్తుంది. కదళీపాకం గారి నాయిక ఆరనివ్వకుండా తాగిందేమోనని నా అనుమానం.

కదళీపాకం:
నాయికకు అంత ఓపికుంటే సమస్యే పూరించేది కాదండీ. జెలిమికాడు అని దిద్దుకున్నాను.

యతిమైత్రి:
అందరూ మనుషుల్ని తెచ్చారు. నాకు మనుషులతో పని లేదు.

వెడలుపైన లోతు వృత్తమ్ము గల చెక్క
తలను వంచు గాజు చెలికి దాను
నిమ్మరసపు తడికి నిలిచి మెత్తగ నంటి
మూతికుప్పు పూసి ముద్దులాడె

నారికేళపాకం:
చెక్కే నాయకుడు, గ్లాసు నాయిక! తల వంచడంలో సిగ్గూ ఉంది, బోరగించడమూ ఉంది. "మెత్తగ నంటి" అన్నారే, అది కళ్ళకద్దుకోవాలి. గట్టిగా నొక్కితే ఉప్పు గడ్డలుగా అంటుకుంటుంది, మెత్తగా తాకిస్తేనే పలచగా పడుతుంది. ఆ ఒక్క మాట కోసం మీ పాత అపరాధాలన్నీ మాఫీ.

ద్రాక్షాపాకం:
మాఫీ తరవాత సంగతి. మొదటి పాదంలో "వె"కు "వృ" యతా? ఐసుగడ్డ పూరణలో నేను ఋకారంతో యతి వేస్తే "కొంచెం లాగినట్టుంది" అన్నది ఎవరో గుర్తుందా? మీరు వేస్తే శాస్త్రం, మేము వేస్తే లాగుడు!

యతిమైత్రి:
మీరు వేసింది "కృ"కు "క". నేను వేసింది "వె"కు "వృ". ఋకారం ఇ, ఎ గుంపులోది, అకారం జోలికి రాదు. అప్పుడు లాగినట్టుంది అన్నది మర్యాద కొద్దీ.

ఆ మైత్రితోనే మీ "చుట్టు" చిక్కు కూడా తీరుతుంది, చూడండి. రెండో పాదం "వెలుపలంచు తడిపి వృత్తమందు" అని మార్చండి. ఉప్పు లోపలికి జారదు, మీ మందూ ఒలకదు.

నారికేళపాకం:
ఇదన్యాయం, ద్రాక్షాపాకం గారిని ఇంత సులువుగా ఒడ్డున పడెయ్యకూడదు.

నిర్వాహకుడు:
ఒడ్డున పడలేదు లెండి. ఆ మార్పుతో పద్యంలో చెక్క ఎగిరిపోయింది. షరతు?

ద్రాక్షాపాకం:
చెక్క పోతే పోనివ్వండి, మందు వదలను.

నిర్వాహకుడు:
అయితే ఆ సవరణ లెక్కలోకి రాదు, "చుట్టు"తోనే ఉంటారు. నారికేళపాకం గారూ, మీ మూడో పాదంలో సూర్యుణ్ణి దించి రేపటిలోగా పంపండి. యతిమైత్రి గారు పద్యం రాశారు కాబట్టి ఈసారి తీర్పు ఆయన చెప్పరు.