వైండింగ్ షాపు రాగి తీగతో కమ్మలు చేసి అమ్మొచ్చా?

బైరాగిపట్టెడ లత
అందరికీ నమస్తే. మాది తిరుపతి. మూడు నెలలుగా ఇంట్లో పూసల కమ్మలు చేస్తున్నా. పిల్లలు బడికి పోయాక రెండు గంటలు కూర్చుంటా, అంతే. ఫ్యాన్సీ షాపులో తెచ్చే బంగారు రంగు తీగ రెండు వారాలకే నల్లబడుతోందని ఈసారి మోటారు వైండింగ్ షాపులో రాగి తీగ తూకానికి తెచ్చుకున్నా. చవక, పైగా మంచి మెరుపు. వీడియోలో కొక్కేనికి 20 గేజ్ (తీగ లావు చెప్పే నంబరు), పూసలు చుట్టడానికి 24 గేజ్ అన్నారు. అవే అడిగి తెచ్చా. తీరా చూస్తే 20 గేజ్ కొక్కెం మా చెల్లెలి చెవికి దూరడం లేదు. కొబ్బరినూనె రాసి తోస్తే దానికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఈ తీగతో చేసి అమ్మొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వైండింగ్ మామ
అమ్మా, నాకు రేణిగుంట రోడ్డులో వైండింగ్ షాపు, ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆ వీడియో అమెరికా వాళ్ళదై ఉంటుంది. వాళ్ళ గేజ్ వేరు, మన షాపుల్లో గేజ్ వేరు. వాళ్ళ 20 అంటే 0.81 మిల్లీమీటర్లు. మనం వాడేది బ్రిటిష్ వాళ్ళ పద్ధతి ఎస్‌డబ్ల్యుజి, అందులో 20 అంటే 0.91. వాళ్ళ 24 అంటే 0.51, మన 24 అంటే 0.56. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. నువ్వు కొక్కేనికి మన 22 తీసుకో, 0.71 ఉంటుంది, నూనె అక్కర్లేకుండా దూరుతుంది. షాపులో గేజ్ చెప్పొద్దు, మిల్లీమీటర్లు చెప్పు. తీగ లావు కొలిచే మైక్రోమీటరు పెట్టి చూపించమను. అంతే సమస్య. తీగలో ఏ దోషమూ లేదు.

గంగాధర్ 77
సబ్‌స్క్రైబ్ చేసుకుంటున్నా. మా ఆవిడ కూడా ఇదే పనిలో ఉంది.

చిత్తూరు శారద
మామగారూ, ఒక్క నిమిషం. సమస్య గేజ్ ఒక్కటే అనకండి. వైండింగ్ తీగ మీద వార్నిష్ పూత ఉంటుంది. కరెంటు ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు పాకకుండా వేసిన పూత అది. మనిషి ఒంటికి తగిలితే ఏమవుతుందో చూసి వేసింది కాదు. సరే, పూత మంచిదే అనుకుందాం. కొక్కెం కొన కోస్తాం కదా, అక్కడ రాగి బయటపడుతుంది. గుచ్చుకోకుండా ఆకురాయితో రుద్దితే ఇంకో రెండు మిల్లీమీటర్లు పూత పోతుంది. సరిగ్గా ఆ కొనే చెవి రంధ్రంలోంచి దూరేది.

నేను పదకొండేళ్ళుగా చేస్తున్నా. నాలుగేళ్ళ కింద ఇట్లాగే చవకని తీసుకుని ఇరవై జతలు చేశా. ఒకమ్మాయికి చెవి తమ్మె వాచి చీము పట్టింది. వాళ్ళమ్మ ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి అడిగిన మాటలు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ ఇరవై జతలూ వెనక్కి తీసుకున్నా.

లతా, పైన పూసలు చుట్టడానికి ఏ తీగైనా వాడుకో. చెవిలోకి పోయేది మాత్రం వెండి కొక్కెం గానీ సర్జికల్ స్టీలు గానీ పెట్టు.

వైండింగ్ మామ
ముప్పై ఏళ్ళుగా ఈ తీగ నా చేతుల్లోనే ఉంది. ఒక్క పొక్కు లేదు. మీ ఇరవై జతలకు వాడింది ఏ గేజో చెప్పలేదు. లావు తీగ బలవంతంగా తోస్తే ఏ చెవైనా వాస్తుంది.

చిత్తూరు శారద
మీ చేతి సాక్ష్యం ఇక్కడ చెల్లదండీ. అరచేతి తోలు వేరు, చెవి రంధ్రం వేరు.

స్వామి శరణం
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. పోయినేడు మాల వేసినప్పుడు రాగి తీగతో అల్లిన తులసి మాల తీసుకున్నా. పది రోజులకు మెడ చుట్టూ పచ్చటి గీత. 41 రోజులు తీయకూడదాయె. ఆఫీసులో ఒకాయన "స్వామీ, పచ్చబొట్టా?" అన్నాడు. సబ్బుతో రుద్దితే పోయేది, మళ్ళీ సాయంత్రానికి వచ్చేది.

చిత్తూరు శారద
చెమటకు రాగి అట్లాగే పచ్చబడుతుంది స్వామీ. పచ్చదనం వల్ల చాలామందికి హాని లేదు, కడిగితే పోతుంది. దురద వచ్చేవాళ్ళకు ఎక్కువసార్లు కారణం నికెల్. లత చెప్పిన బంగారు రంగు తీగల్లో చాలావాటికి పూత కింద నికెల్ పొర ఉంటుంది. నల్లబడ్డం దగ్గర ఆగితే అదృష్టమే.

యేర్పేడు కుర్రోడు
గాజు పూసలైతే ఇంకో సంగతి. మాది పాపానాయుడుపేట పక్క ఊరు. అక్కడ పాత పద్ధతిలో కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టంలా లాగి, చల్లారాక ముక్కలు కోసి పూసలు చేసేవాళ్ళు. మా అవ్వ పెట్టెలో ఎర్రవీ పచ్చవీ ఇంకా ఉన్నాయి. చేతితో లాగింది కాబట్టి అన్ని రంధ్రాలూ ఒకే సైజు ఉండవు. నేను 24 తీగ ఎక్కిస్తే పదింట్లో మూడు పూసలకు దూరలేదు, బలవంతం చేస్తే ఒకటి పగిలింది. 26 అయితే హాయిగా పోయింది.

వైండింగ్ మామ
మన 26 అంటే 0.457. చూశారా, మళ్ళీ గేజ్ దగ్గరికే వచ్చాం.

బైరాగిపట్టెడ లత
మామా, 22 తెచ్చా, దూరింది, థ్యాంక్స్. శారదక్కా, కొక్కేలు వెండివి చూస్తా. ఇంకో డౌటు. నాకు పూస పైన వలయం గుండ్రంగా రావడం లేదు, కోడిగుడ్డులా వస్తోంది.

చిత్తూరు శారద
పూస పైన తీగను 90 డిగ్రీలు వంచు. వంచిన దగ్గర్నుంచి ఒక సెంటీమీటరు ఉంచి కోసెయ్. 3 మిల్లీమీటర్ల వలయానికి చుట్టుకొలతే 9.4 మిల్లీమీటర్లు, అందుకే సెంటీమీటరు. తీగ వంచే రౌండ్ నోస్ ప్లయర్ (గుండ్రటి మూతి పట్టకారు) కొన సన్నగా, మొదలు లావుగా ఉంటుంది కదా, నువ్వు ప్రతిసారీ ఒక్కోచోట పట్టుకుంటున్నట్టున్నావు. 3 మిల్లీమీటర్లు వచ్చేచోట నెయిల్ పాలిష్‌తో గీత పెట్టుకో. తీగ చివర్న పట్టుకుని మణికట్టు తిప్పు, మధ్యలో ఒకసారి వదిలి మళ్ళీ పట్టుకో. ఒకే తిప్పుడులో పూర్తి చేయాలని చూస్తే గుడ్డే వస్తుంది.

వైండింగ్ మామ
ఖాళీగా ఉండి లెక్క వేశా. మన 24 రాగి తీగ మీటరుకు 2.2 గ్రాములు. ఒక జతకు 40 సెంటీమీటర్లు అనుకుంటే ఒక గ్రాము కూడా లేదు. తీగ కిలో వెయ్యి వేసుకున్నా జతకు రూపాయి. రూపాయి తీగకు, పదిహేను రూపాయల పూసలకు మా కాలనీలో ఒకావిడ 150 చెబుతోంది! లతమ్మా, నువ్వు ఎంతకిస్తున్నావు?

బైరాగిపట్టెడ లత
60 మామా. పూసలు 15, కొక్కేలు 10, కవరు 5 పోగా 30 మిగులుతుంది.

గంగాధర్ 77
60 న్యాయం.

చిత్తూరు శారద
ఆగండి. ఒక జతకు నీకెంతసేపు పడుతుంది లతా?

బైరాగిపట్టెడ లత
25 నిమిషాలక్కా.

చిత్తూరు శారద
తిరుపతిలో మహిళా వర్సిటీ అమ్మాయిలకు 60కి కమ్మలు ఇస్తున్నది నువ్వేనన్నమాట. మా మేనకోడలు అక్కడే చదువుతోంది. నా 150 జత చూపిస్తే "అత్తా, మా దగ్గర 60కే దొరుకుతాయి" అంది. మామగారు ఎగతాళి చేసిన ఆ 150 లాంటిదే నాదీ. నేను వెండి కొక్కెం పెడతా, తెగితే ఊరికే బాగు చేసిస్తా. రూపాయి తీగ అంటున్నారే, మీరు మోటారు వైండింగ్ చేసినప్పుడు తీగ బరువుకే డబ్బు తీసుకుంటారా?

ఇంకోటి చెబుతా. కరోనా తర్వాత మా వీధిలో ఎనిమిది మందికి ఊరికే నేర్పించా. ప్లయర్లు కూడా నావే. ఆరు నెలలకు అందులో ఐదుగురు నా డిజైన్లే 50కి అమ్మారు. వాళ్ళ సంపాదన మీద నాకు కుళ్ళు లేదు. కానీ ఒక్కరు కూడా వాళ్ళ టైముకు రూపాయి కట్టుకోలేదు. "ఇంట్లో ఖాళీగానే ఉన్నాం కదక్కా" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మండుతుంది.

వైండింగ్ మామ
అరిచే పని లేదు. లెక్కే చూద్దాం. 25 నిమిషాలకు 30 అంటే గంటకు 72. ఎనిమిది గంటలకు 576. నా షాపులో కొత్తగా చేరిన పిల్లోడికి రోజుకు 500 ఇస్తున్నా. లతమ్మకు నష్టం ఎక్కడ?

చిత్తూరు శారద
ఎనిమిది గంటలంటే 19 జతలు. రోజుకు 19 జతలు ఎవరు కొంటారు మామగారూ, తిరుమల కొండకొచ్చే వాళ్ళందరూనా? మీ పిల్లోడికి గిరాకీ లేని రోజు కూడా 500 ఇస్తారు. పూసలు తేవడానికి తిరిగిన ఆటో ఎక్కడ, పాడైన జతలెక్కడ, ఫోటోలు తీసి వాట్సాప్‌లో బేరాలాడే రాత్రులెక్కడ మీ లెక్కలో?

బైరాగిపట్టెడ లత
అక్కా, నా మీద కోపం వద్దు. నీ గిరాకీ పాడు చేయాలని కాదు. పోయిన నెల 38 జతలు అమ్మా. 1140 మిగిలింది. ఈ వయసులో నా పేరున ఇంటికి తెచ్చిన మొదటి డబ్బులవి. గ్యాసు సిలిండరు నేనే కొన్నా. మా అత్త అందరికీ "కోడలికి పొద్దుపోక ఏదో చేసుకుంటోంది" అని చెబుతుంది. 60 దాటించాలంటే భయం. ఎవరూ కొనకపోతే మూడు నెలలూ నిజంగానే పొద్దుపోక చేసినట్టవుతుంది కదా. 60కైతే కనీసం ఎవరో ఒకరు కొంటారు.

స్వామి శరణం
మా ఇంట్లో బ్లౌజులు కుట్టేది మా అమ్మ. లైనింగు డబ్బులు మారుమాట లేకుండా ఇస్తారు గానీ కుట్టుకూలి తగ్గించమని బేరం ఆడేది మా బంధువులే.

చిత్తూరు శారద
లతా, కోపం నీ మీద కాదులే. కొక్కెం మార్చు, ధర మార్చు. రెండూ ఒకేరోజు మార్చు. వెండి కొక్కెం అని చెబితే ధర పెంచినందుకు కారణం అడిగేవాళ్ళుండరు.

వైండింగ్ మామ
బిల్లులో నేను తీగ వేరే, కూలి వేరే రాస్తా. అది ఒప్పుకుంటా. మా ఆవిడ ఇదంతా చదివి, నేను ముప్పై ఏళ్ళుగా ఆమె చేత షాపు బిల్లులు రాయించుకుని ఎంత ఇచ్చానో లెక్క వేయమంటోంది. ఆ లెక్క ఇక్కడ పెట్టను. అయినా ఆ ఇరవై జతల గేజ్ శారదమ్మ ఇంకా చెప్పలేదు.

చిత్తూరు శారద
మన 20. 0.91. ఇప్పుడు నిద్ర పడుతుందా?

వైండింగ్ మామ
చెప్పానా!

బైరాగిపట్టెడ లత
వెండి కొక్కేలు తెచ్చా. ఈ రోజు 120 అని స్టేటస్ పెట్టా. ఇప్పటిదాకా ఇద్దరు అడిగారు. ఒకమ్మాయి "పాత ధరకు రావా ఆంటీ" అంది. ఇంకా జవాబు ఇవ్వలేదు.

గంగాధర్ 77
మా ఆవిడ 120కే ఒక జత కావాలంటోంది. ఎర్ర పూసలు.