రజని గారి గొంతున్న క్యాసెట్టులో శ్రుతి జారిపోతోంది, సాయం చేయగలరా?

బాలాంత్రపు రజనీకాంతరావు గారు క్షేత్రయ్య పదాల గురించి రేడియోలో చేసిన ప్రసంగాన్ని మా నాన్నగారు 1980లలో 90 నిమిషాల క్యాసెట్టులో రికార్డు చేశారు. రజని గారు 2018లో కన్నుమూశారు. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని పాటలు వింటూ తెల్లవారిన మా ఇంట్లో ఆయన గొంతు ఇదొక్కటే మిగిలింది.

మొదటి ఐదు నిమిషాలు బాగుంటుంది. తర్వాత సన్నటి కీచుశబ్దం మొదలై, పన్నెండో నిమిషానికి ఒకటిన్నర శ్రుతిలో ఉన్న తంబురా ఒకటో శ్రుతికి దిగిపోతుంది. ఆయన మాటలోంచి పాటలోకి వెళ్లే చోటే ఇలా చెడుతోంది, అదే నా బాధ. రెండో వైపూ అంతే.

హెడ్డు, రబ్బరు రోలరు స్పిరిట్‌తో తుడిచాను. టేపును చివరిదాకా రెండుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పాను. ఇదే ప్లేయరులో వేరే క్యాసెట్లు సరిగానే పలుకుతున్నాయి. ఇది మాత్రం మరో ప్లేయరులోనూ ఇలాగే ఉంది. కంప్యూటర్‌లో వేగం సరిచేద్దామంటే జారుడు ఒకే తీరున లేదు. క్యాసెట్టు పెట్టెకు స్క్రూలు లేవు, అతికించినది; విప్పాలంటే పగలగొట్టాలి.

అలా పగలగొట్టి టేపును స్క్రూలున్న కొత్త పెట్టెలోకి మారిస్తే ఈ కీచు, జారుడు పోతాయా, లేక దోషం టేపు పూతలోనే ఉన్నట్టా?