మార్మిక అనుభవానికి సైకాలజీ వివరణ సరిపోతుందా?

తార్నాక విద్యార్థిని:
నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవాలీ జరుగుతుంటే ఒక పెద్దాయన ఒళ్లు మరిచి ఊగిపోవడం చూశాను. సూఫీలు దాన్ని ‘హాల్’ అంటారు. తాళం, గుంపు, ముందే ఉన్న నమ్మకం: సైకాలజీ చదివే నాకు ఇవి చాలు. అనుభవం మనకు ఎలా తోస్తుందో అలాగే వర్ణించాలనే ఫినామినాలజీ ఇందులో కొత్తగా చెప్పేదేముంది? అది వేషం మార్చుకున్న ఆధ్యాత్మికతే అని నా అనుమానం.

నల్లకుంట పాఠకుడు:
హాల్ ఎందుకు కలిగిందో చెప్పారు, బాగుంది. ఆ పెద్దాయనకు ఏమనిపించిందో మాత్రం చెప్పలేదు. ఫినామినాలజీకి పునాది వేసిన తత్వవేత్త హుస్సెర్ల్ గణితం నుంచి ఇటు వచ్చిన మనిషి. 1900లో ఆయన వాదమంతా ఇదే: రెండూ రెండూ నాలుగని మనసుకు ఎలా తోచిందో తేల్చినంత మాత్రాన అది నిజమో కాదో తేలదు. 1913 నాటికి ఇంకో అడుగు వేశాడు. ఎదురుగా ఉన్నది నిజంగా ఉందా లేదా అన్న తీర్పును ఆపి, అది మనకు ఎలా కనబడుతోందో చూడమన్నాడు. దేవుణ్ణి దొడ్డిదారిన తెచ్చే వీలు ఇందులో లేదు. ‘ఉన్నాడు’ అనే తీర్పూ ఆగాల్సిందే.

మీ సైకాలజీ పెద్ద విలియం జేమ్స్ కూడా 1902లో, సెయింట్ పాల్ దర్శనాన్ని మూర్ఛరోగమని కొట్టిపారేసేవాళ్లను గట్టిగా తప్పుపట్టాడు. ఆయనదే ఇంకో మాట, భక్తులకు అంతగా రుచించనిది: ఆ అనుభవం పొందినవాడికే ప్రమాణం, బయటివాళ్లు ఒప్పుకోవాల్సిన పని లేదు.

తార్నాక విద్యార్థిని:
మరి సంప్రదాయం కలవని శుద్ధ అనుభవమే లేదని 1978లో మార్మికతను చదివిన పండితుడు స్టీవెన్ కాట్జ్ అన్నాడు కదండీ? ఆ పెద్దాయన హాల్‌కీ, 1896లో మదురైలో రమణ మహర్షి పొందిన మరణానుభవానికీ ఒకే కొలత ఎలా పెడతారు?

నల్లకుంట పాఠకుడు:
పెట్టను. కాట్జ్ దెబ్బ తగిలేది అన్ని మతాల అనుభవం ఒక్కటేననే వాళ్లకు. రమణుల విషయంలో ఒంటరి గది, కట్టెలా బిగించిన ఒళ్లు, చచ్చేది ఎవరన్న విచారణ. ఖవాలీలో చుట్టూ జనం, పాటలో పిలుపు. ఈ తేడాలు చెరిగిపోకుండా రాయడమే ఫినామినాలజీ పని. ‘ఎంత తీవ్రంగా అనిపించింది, ఒకటి నుంచి పది’ అని అడిగే ఫారంలో అవి నమోదు కావు. ముందు ఆ పెద్దాయన పక్కన కూర్చుని, ఏ చరణం దగ్గర ఒళ్లు తెలియకుండా పోయిందో, అప్పుడు పక్కవాళ్లు ఉన్నట్టు తోచిందో లేదో అడగండి. తాళం సంగతి తర్వాత తేల్చుకుందాం.