పాత మిషనరీ మళ్ళీ చిత్తూరుకు వస్తున్నారు: సంఘం ఎలా ఆహ్వానించాలి?

ప్రశ్న (చిత్తూరు నుంచి ఒక క్రైస్తవ సంఘ కార్యదర్శి):

అందరికీ వందనాలు. అమెరికన్ మిషనరీలు నడిపిన ఆర్కాటు మిషన్ కాలంలో ఏర్పడి, 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) భాగమైన సంఘాల్లో మాది ఒకటి. మా పెద్దలు ఇప్పటికీ ‘దొరసానమ్మ’ అని తలుచుకొనే ఒక అమెరికన్ నర్సు, 1960వ దశకం చివరి నుంచి చాలా కాలం ఈ ప్రాంతంలో, ఎక్కువగా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో పనిచేసి స్వదేశానికి వెళ్ళిపోయారు. ఎనభై దాటిన ఈ వయసులో తాను పనిచేసిన చోట్లు ఒక్కసారి చూసి వెళ్ళాలని ఉందని, వచ్చే జనవరిలో మనవరాలిని తోడు తెచ్చుకొని వస్తానని ఈ మధ్య ఉత్తరం రాశారు. ఉత్తరం తెలుగులోనే ఉంది; అక్కడక్కడ వత్తులు తప్పినా మా యువకుల తెలుగుకంటే మేలుగానే ఉంది.

ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి కమిటీలో మాట కలవడం లేదు. మేళతాళాలతో ఎదురేగి తీసుకొని రావాలని, ఆదివారం ఆరాధనలో ఆమె చేత వాక్యం చెప్పించాలని, పాఠశాల కప్పు మరమ్మతుకు సహాయం కోరుతూ వినతిపత్రం ఇవ్వాలని పెద్దలు అంటున్నారు. తెల్లవారికి దండలు వేసి చేతులు కట్టుకొని నిలబడే రోజులు పోయాయి కదా అని యువకులు అంటున్నారు. ఈ ఇద్దరి మధ్య కార్యక్రమం తయారుచేసే పని నా మీద పడింది. మీ సంఘాలకు ఇలాంటి అతిథులు వచ్చినప్పుడు ఏ పద్ధతి పాటించారో, చట్టపరంగా దేనికి జాగ్రత్తపడాలో తెలియజేయగలరు.

సమాధానం 1 (తిరుపతి, న్యాయవాది):

ముందు వీసా సంగతి తేల్చుకోండి. ఆమె పర్యాటక వీసా మీద వస్తే, ఆరాధనలో కూర్చోవడానికి, ప్రసంగం వినడానికి, ప్రార్థనాస్థలాలు చూడడానికి ఏ అభ్యంతరమూ లేదు. అయితే ప్రార్థనాస్థలాల్లో ఉపన్యసించడం, మతబోధ చేయడం, మత సంబంధమైన కరపత్రాలు పంచడం కేంద్ర హోంశాఖ నిబంధనల ప్రకారం కుదరవు. మిషనరీ వీసా అనేది వేరే వర్గం. దానికి బయలుదేరే ముందే భారత రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. ఇక్కడ దిగిన తరువాత పర్యాటక వీసాను అలా మార్పించుకోవచ్చునని ఎవరైనా చెబితే నమ్మకండి. కనుక ‘రెండు మాటలే కదా’ అని మైకు చేతికి ఇవ్వవద్దు. ఎవరో ఫోనులో తీసిన వీడియో సాయంత్రానికల్లా ఊరంతా తిరుగుతుంది. దాని వల్ల ఆమెను దేశం నుంచి పంపివేసి, మళ్ళీ రాకుండా నిషేధించే వరకు పోవచ్చు.

రెండవది డబ్బు. విదేశీ పౌరులు ఇచ్చేది రూపాయల్లో ఇచ్చినా, మన దేశంలోనే ఇచ్చినా, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే దాన్ని తీసుకోవచ్చు. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే ముందుగా పడాలి. మీ సంఘానికి ఆ నమోదు గాని, అనుమతి గాని లేకపోతే కానుక సంచి కూడా ఆమె ముందుకు తీసుకొని వెళ్ళకపోవడం క్షేమం. వినతిపత్రం ఆలోచన మానుకోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. ఇన్నేళ్ళకు ఇంటికి వచ్చిన పెద్దావిడ చేతిలో మొదట పెట్టేది మరమ్మతుల అంచనా కాగితమా?

మనవరాలు తిరుమల చూడాలనవచ్చు. దర్శనానికి హిందువులు కానివారు డిక్లరేషన్ ఇవ్వాలి. కొండ మీద అన్యమత ప్రచారం చట్టరీత్యా నిషిద్ధం కనుక, వెంట వెళ్ళే మీవాళ్ళ సంచుల్లో సువార్త పత్రికలేవీ ఉండకుండా చూసుకోండి.

సమాధానం 2 (మదనపల్లె, విశ్రాంత నర్సు):

న్యాయవాదిగారు చెప్పినదంతా సరే. నేను ఆమె తరం నర్సుల దగ్గర పని నేర్చుకున్నదాన్ని కనుక వేరొక సంగతి చెప్పాలి. ఆమె మనసులో ఉన్న ఆరోగ్యవరం ఇప్పుడు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. 1915లో ఆ చికిత్సాలయం ప్రారంభమైన నాటికి క్షయకు మందు లేదు; మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, వీటి మీదనే నెలల తరబడి రోగులను ఉంచేవారు. తరువాత స్ట్రెప్టోమైసిన్, ఆపైన ఐసోనియాజిడ్ అనే మందులు వచ్చాయి. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినవారికీ చికిత్సాలయంలో ఉండి వాడినవారికీ ఫలితంలో పెద్ద తేడా లేదని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన తేల్చింది. ఆ ఫలితాలతో క్షయవైద్యం ప్రపంచమంతటా దారి మార్చుకుంది, పొడవాటి వార్డుల అవసరం తగ్గుతూ వచ్చింది. ఆ మార్పు నడుస్తున్న కాలంలోనే ఆమె ఇక్కడ పనిచేశారు కాబట్టి, చెబితే ఆమెకు అర్థమవుతుంది. ‘మీరు వెళ్ళిపోయాక అంతా పాడైపోయిందమ్మా’ అని ఆమె ముందు కన్నీళ్ళు పెట్టుకొనేవారు తప్పకుండా ఉంటారు. వారిని కాస్త పక్కన కూర్చోబెట్టండి.

ఆమె చూడవలసింది కట్టడాలకంటే మనుషులను. ఆనాటి ఆయాలు, వంటవాళ్ళు, కాంపౌండర్లు, ఇళ్ళకు వెళ్ళి బైబిలు చెప్పిన ‘బైబిలు స్త్రీలు’, వారు లేకపోతే వారి పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో ఇప్పటి నుంచే వాకబు చేయండి. ఒక్కొక్కరికి పావుగంటైనా విడిగా కూర్చొనే అవకాశం ఇస్తే ఏ బహిరంగ సభా దానికి సాటిరాదు. ఇంకొక మనవి. మనవాళ్ళు ఎదురుపడగానే ‘నేనెవరో చెప్పండి చూద్దాం’ అంటారు. ఎనభై దాటిన మనిషిని అలా నలుగురిలో పరీక్ష పెట్టవద్దని, పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు తామే ముందుగా చెప్పాలని అందరికీ చెప్పి ఉంచండి.

సమాధానం 3 (శ్రీకాళహస్తి, లూథరన్ సంఘ సభ్యుడు):

యువకుల అభ్యంతరాన్ని కొట్టిపారేయకండి, పూర్తిగా ఒప్పుకోనూ వద్దు. మా వైపు హెర్మన్స్‌బర్గ్ మిషన్‌కు చెందిన జర్మన్లు 1865 నుంచి పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే వారు శత్రుదేశపు పౌరులయ్యారు. పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వెళ్ళింది. మరొకసారి వచ్చి చూసుకొనే భాగ్యం ప్రతి మిషనరీకీ దక్కలేదు. మీ మిషన్‌లోనే వైద్య మిషనరీ జేకబ్ చేంబర్లేన్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళి, కుదుటపడగానే తిరిగి వచ్చి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. ఇలాంటివారి రాకపోకలన్నిటినీ అధికార దర్పం అనే ఒక్క మాటతో తేల్చివేయడం న్యాయం కాదు.

అయితే చరిత్ర చెప్పేటప్పుడు మనం దొరల పేర్లు చెప్పి ఆగిపోతాము. 1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్యవరం వైద్యుడు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ నడిపిన క్షయ సర్వే వైద్య ప్రపంచంలో పేరుపొందింది. ఇంటింటికీ తిరిగే ఆ పని స్థానిక సిబ్బంది లేకుండా సాగేదే కాదు. కనుక సన్మానం మానవద్దు. ఆమెతో కలిసి పనిచేసిన మన నర్సులను, ఆయాలను కూడా పిలిచి, అదే వరుసలో, అదే ఎత్తు కుర్చీల్లో కూర్చోబెట్టి, అదే రకం శాలువాలు కప్పండి. యువకులు అప్పుడేమంటారో చూద్దాం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఊరేగింపు, వినతిపత్రం తీసివేశాము. ఆదివారం ఆమె సంఘంతోపాటు బల్లమీద కూర్చొని ఆరాధనలో పాల్గొంటారు. వాక్యం మా పాస్టరు అయ్యగారే చెబుతారు. సోమవారం ఆరోగ్యవరం. పాత సిబ్బంది జాబితాను మా సంఘంలోని స్త్రీల బృందమైన ‘స్త్రీల మైత్రి’ వారు తయారు చేస్తున్నారు. శాలువాల ఖర్చు పెరిగిందని కోశాధికారి సణుగుతున్నా, యువకులు చందా వేసుకుంటామని ముందుకు వచ్చారు. ఒక్క సందేహం మిగిలింది: హోటలు వద్దని, పాత మిత్రురాలి ఇంట్లోనే ఉంటానని ఆమె అంటున్నారు. అలా ఉండవచ్చునా?

సమాధానం 1 ఇచ్చినవారు:

నిరభ్యంతరంగా ఉండవచ్చు. విదేశీయులకు వసతి ఇచ్చిన ఇంటివారు 24 గంటలలోపు ఆ వివరాలను విదేశీయుల నమోదు విభాగానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇల్లుగల అమ్మకు కంప్యూటరు అలవాటు లేకపోతే, ఆ పని తెలిసిన యువకుడినొకరిని ముందుగానే నియమించండి. ఇద్దరి పాస్‌పోర్టు, వీసా ప్రతులను ఇప్పుడే తెప్పించుకొని ఉంచండి. మనవరాలికి వేరుగా నమోదు చేయాలి.