కారు లేకుండా అయోనా ద్వీపం ఒక్కరోజులో వెళ్లిరావచ్చా? అమ్మానాన్నలతో

క్లైడ్_ఒడ్డున:

హాయ్ అండి అందరికీ. నేను గ్లాస్గోలో ఉంటున్నా, అమ్మానాన్న మొదటిసారి వస్తున్నారు, జూన్‌లో మూడు వారాలు ఉంటారు. ఎడిన్‌బరో, లాక్ లోమండ్ ఎలాగూ చూపిస్తా కానీ నాకు వాళ్లని స్కాట్లండ్ పడమటి తీరంలోని అయోనా ద్వీపానికి తీసుకెళ్లాలని చాలా ఉంది. నాన్న హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, అక్కడి పాత మఠం గురించి ఫోన్‌లో చెప్తే చాలు వంద ప్రశ్నలు అడిగారు. నా దగ్గర కారు లేదు. మ్యాప్‌లో చూస్తే గ్లాస్గో నుంచి ఓబన్‌కి ట్రైను, ఓబన్ నుంచి మల్ అనే పెద్ద ద్వీపానికి ఫెర్రీ, ఆ ద్వీపం ఈ చివర్నుంచి ఆ చివరికి బస్సు, మళ్లీ అక్కడ ఇంకో చిన్న ఫెర్రీ. ఇన్ని మారుకుంటూ పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి వచ్చేయగలమా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెల్లగా అయితే నడుస్తుంది. కారు అద్దెకి తీసుకుంటే నయమా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చిన వాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

వానలో_గొడుగు:

గ్లాస్గో నుంచి ఒక్కరోజులో వద్దండి, ముందే చెప్పేస్తున్నా. ట్రైనే ఓబన్‌కి మూడు గంటలు. ఓబన్ నుంచి మల్ మీద రేవు ఊరు క్రెయిగ్‌న్యూర్‌కి ఫెర్రీ ముప్పావుగంట పైనే, అక్కడి నుంచి బస్సు గంటంపావు, చివరి ఫెర్రీ పది నిమిషాలు, మధ్యలో ఎదురుచూపులు. లెక్కేస్తే ఓబన్ నుంచే ఒకవైపు మూడు గంటల దాకా పడుతుంది, అంటే గ్లాస్గో నుంచి ఆరు. పొద్దున ట్రైనెక్కి అయోనాలో దిగేసరికి తిరుగు బస్సు టైమ్ అయిపోతుంది. ఓబన్‌లో రెండు రాత్రులు ఉండండి. మొదటి రోజు సాయంత్రానికి ఓబన్ చేరడం, రెండో రోజు పూర్తిగా అయోనా, మూడో రోజు తీరిగ్గా వెనక్కి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి ఇంకా ముఖ్యం, ఆరు గంటలు కూర్చుని మళ్లీ అదే రోజు ఆరు గంటలు కూర్చోవడం మనకే కష్టం.

ఇంకోటి, ట్రైన్ సంగతి. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో ఎక్కేటప్పుడు ఏ బోగీలు ఓబన్‌కి వెళ్తాయో అడిగి ఎక్కండి. చాలా ట్రైన్లు క్రియన్‌లారిక్ దగ్గర రెండుగా విడిపోతాయి, సగం ఓబన్‌కి, సగం ఫోర్ట్ విలియం మీదుగా మలేగ్‌కి. తప్పు బోగీలో కూర్చుంటే ఊరే మారిపోతుంది.

కారు_వద్దు_బస్సు_ముద్దు:

కారు అద్దెకి తీసుకోవద్దు బ్రో/సిస్. అయోనా మీదకి బయటివాళ్ల కార్లు రానివ్వరు, పర్మిట్ ఉండాలి. అంటే కారుని మల్ చివర పార్క్ చేసి మీరు నడిచే ఫెర్రీ ఎక్కాలి. పైగా ఓబన్ ఫెర్రీలో కారుకి చోటు ముందే బుక్ చేసుకోవాలి, సమ్మర్‌లో త్వరగా నిండిపోతాయి. నడిచి ఎక్కేవాళ్లకి అంత ఇబ్బంది ఉండదు. ఇక మల్ మీద రోడ్డు చాలా దూరం సింగిల్ ట్రాక్, అంటే ఒక్క బండి పట్టే వెడల్పే, ఎదురుగా బండి వస్తే పక్కకి తప్పుకునే పాసింగ్ ప్లేస్ దాకా వెనక్కి వెళ్లాల్సి రావచ్చు, అలవాటు లేకుండా అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని ఆ రోడ్డు మీద నేర్చుకోవడం నాకైతే నచ్చదు. బస్సు డ్రైవర్లకి ఆ రోడ్డు చేతిలో గీతలా తెలుసు, హాయిగా కిటికీలోంచి చూస్తూ పోవచ్చు.

రెండు_కొండల_మధ్య:

రెండేళ్ల క్రితం మా అత్తయ్యగారిని తీసుకెళ్లాం, ఆవిడకి అప్పుడు అరవై ఎనిమిది, షుగర్ కూడా ఉంది, కాబట్టి మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి, కానీ మేం చేసిన పొరపాటు చేయకండి. మేం ప్లాన్ అంతా పొద్దున్నుంచి మొదలుపెట్టి వేసుకున్నాం, ఏడింటికి లేవాలి, ఇన్నింటికి ఫెర్రీ, ఇన్నింటికి బస్సు అని. సాయంత్రం గురించి "ఏదో ఒక బస్సు ఉంటుందిలే" అనుకున్నాం. ఉండదండి. ఆ రూట్‌లో బస్సులు రోజు మొత్తానికి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఆదివారాలు ఇంకా తక్కువ. అయోనా ఉత్తరం చివర తెల్లటి ఇసక బీచ్‌లో కూర్చున్నాం, అత్తయ్యగారు నీళ్లలో కాళ్లు పెట్టుకుని లేవనంటే లేవనన్నారు, మాకూ లేపబుద్ధి కాలేదు, ఇంకో పది నిమిషాలు ఇంకో పది నిమిషాలు అంటూ ఉండి చిన్న ఫెర్రీ ఒకటి తప్పిపోయింది. తర్వాతది ఎక్కి దిగేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆ రోజుకి అదే చివరిది. ఇక ఫోన్లు చేసుకుంటూ టాక్సీ వెతుక్కుని, అరవై కిలోమీటర్లు టాక్సీలో వచ్చి, ఎలాగో క్రెయిగ్‌న్యూర్‌లో చివరి ఫెర్రీ అందుకున్నాం. దారంతా అత్తయ్యగారు "నా వల్లే కదమ్మా" అంటూనే ఉన్నారు, ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది, తప్పు ఆవిడది కాదు, టైమ్ చూసుకోవాల్సింది మేము.

అందుకే చెప్తున్నా, వెనక నుంచి మొదలుపెట్టండి. ముందు క్రెయిగ్‌న్యూర్ నుంచి ఓబన్‌కి రాత్రి చివరి ఫెర్రీ ఏదో చూడండి. దాని కంటే ఒకటి ముందుది మీ ఫెర్రీ అనుకోండి. దానికి కలిసే బస్సు ఏదో, ఆ బస్సుకి కలిసే చిన్న ఫెర్రీ ఏదో రాసుకోండి. అప్పుడు ద్వీపం మీద ఎంతసేపు మిగులుతుందో తేలుతుంది, మామూలుగా మూడు నాలుగు గంటలు. చిన్న ఫెర్రీ టైమ్‌ని ఒక కాగితం మీద రాసి మీ నాన్నగారి జేబులో పెట్టండి. ఫోన్‌లో చూసుకుందాంలే అనుకోవద్దు, మధ్యలో గ్లెన్ మోర్ కొండల్లో సిగ్నల్ పోతుంది.

క్లైడ్_ఒడ్డున:

అయ్యో, అత్తయ్యగారి మాట చదివితే నాకే ఎలాగో అయిపోయింది, మా అమ్మ కూడా అచ్చం అలాగే అంటుంది. వెనక నుంచి లెక్కేయడం అసలు తట్టలేదండి, థాంక్యూ. రెండు రాత్రులు ఓబన్‌లో ఫిక్స్. ఇప్పుడు రెండు డౌట్లు. ఓబన్‌లో టూర్ వాళ్లు ఫెర్రీ, బస్సు, ఫెర్రీ అన్నీ కలిపి ఒకే టికెట్ అమ్ముతారంట కదా, అది తీసుకోవాలా విడివిడిగా కొనాలా? అయోనాలో దిగాక అమ్మ ఎంత దూరం నడవాలి?

వానలో_గొడుగు:

పెద్దవాళ్లతో అయితే కలిపి ఉన్న టికెటే తీసుకోండి. విడిగా కొంటే మీ ఇష్టమొచ్చినంతసేపు ఉండొచ్చు అన్నది నిజమే, నేను ఒక్కడినే వెళ్లినప్పుడు అలాగే వెళ్లా. కానీ టూర్ కోచ్ అయితే ఆ ఫెర్రీకి వచ్చే జనం కోసమే నిలబడి ఉంటుంది, డ్రైవర్ దారిలో కథలు చెప్తాడు, సీటు ఖాయం. మామూలు బస్సులో జూన్ రద్దీకి సీటు కోసం ఫెర్రీ దిగగానే గబగబా నడవాలి, అమ్మగారితో అది కుదరదు. బస్సులో వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, బెన్ మోర్ కొండ, తర్వాత లాక్ స్క్రీడన్ నీళ్లు అటే కనిపిస్తాయి. ఫెర్రీలో అయితే క్రెయిగ్‌న్యూర్ దగ్గరపడేటప్పుడు ఎడమవైపు డువార్ట్ కోట, మక్‌లీన్ వంశం వాళ్లది, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి మీద ఉంటుంది. నాన్నగారిని పై డెక్ మీదకి తీసుకెళ్లండి, కానీ జూన్ అయినా సరే స్వెటర్, గాలికి ఆగే జాకెట్ ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

బస్సు చివరి ఊరు పేరు ఇంగ్లిష్‌లో రాసేది ఒకటి పలికేది ఒకటి. ఫినఫోర్ట్ అనాలి. డ్రైవర్ అలా అరిస్తే మన ఊరు కాదేమో అనుకుని కూర్చుండిపోకండి.

పాతరాతి_పిచ్చి:

నాన్నగారు హిస్టరీ అన్నారు కాబట్టి నేను ఆగలేను, కాస్త ఎక్కువే రాస్తా. దిగాక నడక పెద్దగా లేదు, రేవు నుంచి మఠానికి కిలోమీటర్ లోపే, కొంచెం ఎత్తు, మెల్లగా పావుగంట ఇరవై నిమిషాలు. దారిలోనే రెండు మూడు నిమిషాల్లో పాత సన్యాసినుల మఠం శిథిలాలు వస్తాయి, 13వ శతాబ్దం ప్రాంతంలో కట్టింది, గులాబీ రంగు గ్రానైట్ గోడలు, మధ్యలో పూలమొక్కలు. అమ్మగారు అక్కడ కాసేపు కూర్చోవచ్చు, నాకైతే మొత్తం ద్వీపంలో అదే అన్నిటికంటే ప్రశాంతంగా అనిపించింది, అందరూ పెద్ద మఠం కోసం పరిగెత్తుతూ దీన్ని దాటేస్తారు.

కొలంబా అనే సన్యాసి 563లో ఐర్లండ్ నుంచి పన్నెండు మందితో పడవలో వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. ఐరిష్‌లో ఆయన్ని కొలుమ్ కిల్లె అంటారు, చర్చి పావురం అని అర్థం. తర్వాత 795లో ఉత్తరాది నుంచి ఓడల్లో వచ్చే దోపిడీదారులు వైకింగులు మొదటిసారి దోచుకున్నారు, 806లో 68 మందిని చంపేశారు. అన్ని దాడుల తర్వాత కూడా ఈ చోటుని పూర్తిగా వదిలేయలేదు, నాకు అదే ఆశ్చర్యం. ఇప్పుడు కనిపించే రాతి మఠం మాత్రం కొలంబా కట్టింది కాదు, ఆయన కాలంలో చెక్క, మట్టి కట్టడాలే. ఇది మధ్యయుగంలో కట్టింది, శిథిలమైతే 20వ శతాబ్దంలో మళ్లీ నిలబెట్టారు, 1938లో మొదలైన అయోనా కమ్యూనిటీ అనే క్రైస్తవ సంఘం వాళ్లు నివాస భవనాల్ని బాగుచేశారు. నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే "ఇది ఆరో శతాబ్దం రాయిలా లేదే" అని అక్కడ మిమ్మల్ని నిలదీస్తారు.

మఠం చర్చి ముందు సెయింట్ మార్టిన్ శిలువ ఉంది. 8వ శతాబ్దంలో ఎక్కడ నిలబెట్టారో ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది, వాన, గాలి, వైకింగులు అన్నీ చూసింది. దాని మీద చెక్కిన పాములు, గుండ్రటి బొడిపెలు దగ్గరగా వెళ్లి చూడండి. పక్కనే ఉన్న సెయింట్ జాన్ శిలువ నకలు, అసలుది ముక్కలైతే అతికి లోపల మ్యూజియంలో పెట్టారు, అది అస్సలు మిస్సవ్వొద్దు.

ఒక్క సంగతి నాన్నగారితో తప్పకుండా మాట్లాడండి. ఇక్కడి మఠాధిపతి అడమ్నాన్ 697లో ఒక చట్టం తెచ్చాడు, యుద్ధాల్లో ఆడవాళ్లని, పిల్లల్ని, మతగురువుల్ని చంపకూడదు అని. పదమూడు వందల ఏళ్ల పైమాట! నేను ఆ గోడ పక్కన కూర్చుని అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

మోకాళ్లు సహకరిస్తే మఠం వెనక డున్ ఈ అనే గుట్ట ఉంది, 101 మీటర్లే, కానీ దారి బురదగా రాళ్లతో ఉంటుంది, అమ్మగారితో వద్దు. మీరు నాన్నగారు వెళ్లాలనుకుంటే అమ్మగారిని మఠం దగ్గర కూర్చోబెట్టి గంటలో ఎక్కి దిగొచ్చు. స్టఫా బోటు కూడా కలిపేద్దామని ఎవరైనా అంటే ఈసారికి వద్దనండి, ఆ ద్వీపం బాగుంటుంది, పఫిన్ పక్షులు కూడా ఉంటాయి, కానీ అక్కడ బోటు దిగాక నిటారు మెట్లు, అయోనాకి మిగిలే టైమ్ సగమైపోతుంది.

రెండు_కొండల_మధ్య:

చిన్న ఫెర్రీ గురించి ఒకటి మర్చిపోయా. ఓబన్‌లో పెద్ద ఓడ ఎక్కడం సులువు, కానీ ఫినఫోర్ట్‌లో నీళ్లలోకి వాలుగా దిగే కాంక్రీట్ రేవు మీదుగా నడిచి ఓడ ముందు రాంప్ ఎక్కాలి. తడిగా, నాచుగా ఉంటుంది, అలలు ఉన్న రోజు పాదాల దాకా నీళ్లొస్తాయి. అమ్మగారికి పట్టు ఉన్న బూట్లు వేయించండి, చెప్పులు శాండిల్స్ వద్దు, మీరు చెయ్యి పట్టుకోండి. ఓడ సిబ్బంది కూడా పెద్దవాళ్లు కనిపిస్తే ముందుకొచ్చి పట్టుకుంటారు, మా అత్తయ్యగారిని అలాగే ఎక్కించారు.

గాలి ఎక్కువైతే ఆ చిన్న ఫెర్రీయే ముందు ఆపేస్తారు, అది పూర్తిగా బయట సముద్రానికి ఎదురుగా ఉంది. పొద్దున హోటల్లోంచి కదిలే ముందు ఈ ఫెర్రీలు నడిపే కాల్‌మ్యాక్ కంపెనీ యాప్‌లో రెండు రూట్లూ చూడండి, ఓబన్ ఫెర్రీ ఒక్కటి చూసి బయల్దేరొద్దు. అందుకే మీరు ఓబన్ వెళ్లిన మర్నాడే అయోనా పెట్టుకోండి, గాలి వల్ల కుదరకపోతే ఇంకో రోజు పొడిగించుకునేలా హోటల్ క్యాన్సిల్ చేసుకునే వీలున్నది తీసుకుంటే సరి.

క్లైడ్_ఒడ్డున:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. రాత్రి నాన్నకి ఫోన్ చేసి శిలువ గురించి, 697 చట్టం గురించి చదివి వినిపించా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ రాయి దగ్గర నాకు ఒక అరగంట ఇవ్వు తల్లీ" అన్నారు. హోటల్ మూడు రాత్రులకి బుక్ చేశా, మూడోది గాలి కోసం. జూన్‌లో అక్కడ పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఫెర్రీలో చీకటి భయం లేదు. తిరుగు టైమ్స్ కాగితం మీద రాశా, నాన్న జేబులో ఒకటి, అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి. ఇప్పుడు అమ్మకి బూట్లు కొనాలి, ఇండియాలోనే కొని పది రోజులు వేసుకుని అలవాటు చేసుకోమని చెప్పనా, ఇక్కడికి వచ్చాక కొననా?

రెండు_కొండల_మధ్య:

అక్కడే కొనించండి, రోజూ సాయంత్రం వాకింగ్‌కి అవే వేసుకోమనండి. కొత్త బూట్లతో మొదటి నడక అయోనాలో పెట్టకండి.